ముద్దాయి మాట విన్న వకీలు – రాచకొండ విశ్వనాథశాస్త్రి

ఉత్తరాంధ్ర గడ్డ మీద కథకు కొదవ లేదు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, చాగంటి సోమయాజులు గారు, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు – ఈ పేర్లు వింటూ పెరిగినవాళ్ళం మనం. ఆ వరసలోనే నిలిచే పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారిది. రావిశాస్త్రి అంటే చాలు, పాఠకుడి ముఖం వెలుగుతుంది. ఆయన భాష గురించీ, ఉపమానాల గురించీ, మన జిల్లాల యాసకు ఆయన తెచ్చిపెట్టిన గౌరవం గురించీ చాలామంది పెద్దలు వ్రాశారు. ఇక ముందూ వ్రాస్తారు.

ఈ వ్యాసం ఆ విషయాల గురించి కాదు. రావిశాస్త్రి గారు రాత్రిళ్ళు కథలు వ్రాశారేమో గాని, పగలు మాత్రం నల్లకోటు తొడుక్కుని మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్ళేవారు. అక్కడ చెట్ల కింద, వరండాల్లో, పోలీసు జవాన్ల పక్కన గొంతుక్కూర్చున్న జనమే ఆయన క్లయింట్లు. వాళ్ళలో సారా కేసుల వాళ్ళు చాలామంది. మత్తుకు లోబడిన మనిషిని, మత్తు అమ్ముకుని పొట్ట పోసుకునే మనిషిని చట్టం పట్టుకున్న తరువాత ఆ మనిషి మాట ఎవరు వినాలి? ఎలా వినాలి? రావిశాస్త్రి గారి జీవితం అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగిందని నా అభిప్రాయం. సారా పోయి గంజాయి వచ్చినా, సబ్‌జైలు పోయి చికిత్స వార్డు వచ్చినా ఆ ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టుక, చదువు

రావిశాస్త్రి గారు 1922 జులై 30న శ్రీకాకుళంలో జన్మించారు. స్వస్థలం అనకాపల్లి దగ్గర తుమ్మపాల. తండ్రి నారాయణమూర్తి గారు ప్లీడరు. తల్లి సీతాలక్ష్మి గారికి సాహిత్యం మీద మక్కువ. అంటే ఇంట్లో ఒక పక్క లా పుస్తకాలు, మరో పక్క కథలు, పద్యాలు. ఆ రెండూ ఆయనలో కలిసిపోయాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. తాతగారు శ్రీరామమూర్తి గారి దగ్గర వృత్తి మెళకువలు నేర్చుకుని, 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఈ 1950 అన్న సంవత్సరాన్ని విద్యార్థి మిత్రులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. ఆ ఏడాది జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం తప్ప ఏ మనిషి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ తీసుకోరాదని 21వ అధికరణం చెప్పింది. అదే ఏడాది మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. చట్టసభ చేసిన చట్టంలో ఏ పద్ధతి ఉంటే అదే పద్ధతి, అది న్యాయంగా ఉందా లేదా అన్నది కోర్టు చూడదు అని ఆ తీర్పు సారాంశం. పద్ధతి అన్నది న్యాయంగా, సబబుగా ఉండి తీరాలని అదే కోర్టు గట్టిగా చెప్పడానికి 1978లో మేనకా గాంధీ కేసు వరకూ పట్టింది. నడుమ ఇరవై ఎనిమిదేళ్ళు. రావిశాస్త్రి గారి ప్రాక్టీసులో పెద్ద భాగం ఆ ఇరవై ఎనిమిదేళ్ళలోనే నడిచింది.

మంచి కోసం వచ్చిన చట్టం

ఆ రోజుల్లో కోస్తా జిల్లాల్లో మద్యనిషేధం ఉండేది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో చట్టం చేసి, అక్టోబరు 1న ముందు సేలం జిల్లాలో అమలు పెట్టింది. తరువాత చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. యుద్ధకాలంలో సడలించి, యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ తెచ్చి, 1948 నాటికి రాష్ట్రమంతటా అమలు చేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే ఆ చట్టం మనకి వారసత్వంగా వచ్చింది.

ఉద్దేశం మంచిదే. కూలివాడి డబ్బు సారా కొట్టుకి పోకూడదు, ఇంట్లో పిల్లలు పస్తులుండకూడదు, ఆడవాళ్ళు దెబ్బలు తినకూడదు. దీన్ని కాదనే వాడెవడు? కాని చట్టం వచ్చాక ఏం జరిగింది? దాహం పోలేదు. కొట్టు మూతపడి, బట్టీ మాత్రం తోటల్లోకి, ఇసక దిబ్బల్లోకి, పెరటి గోతుల్లోకి వెళ్ళిపోయింది. తాటిచెట్టు మీద బతికే గీత కులాల వాళ్ళకి బతుకుతెరువు పోయింది. వాళ్ళ తరఫున పోరాడింది మన శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్న గారే. 1954లో రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. ఆ గొడవలోనే అదే ఏడాది నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోయింది. అయినా నిషేధం పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పరిస్థితి మరీ విడ్డూరం. ఒకే రాష్ట్రంలో తెలంగాణాలో సారా సర్కారుకి ఆదాయం, ఇక్కడ మాత్రం అదే సారా నేరం!

ఈ నేరానికి దొరికిపోయేది ఎవరు? బట్టీకి పెట్టుబడి పెట్టిన ఆసామీ దొరకడు. మామూళ్ళు తీసుకున్న వాడు అసలే దొరకడు. నెత్తిన కుండ పెట్టుకుని నడిచిపోయే ఆడమనిషి దొరుకుతుంది. సైకిలు ట్యూబులో సారా నింపుకుని వెళ్ళే కుర్రాడు దొరుకుతాడు. తాగి రోడ్డు పక్క పడిపోయిన రిక్షావాడు దొరుకుతాడు. చట్టం ఎవరి మంచి కోసం వచ్చిందో సరిగ్గా వాళ్ళే ముద్దాయిలు. ఈ తిరకాసును అందరికంటే ముందు, అందరికంటే లోతుగా చూసిన వారు రావిశాస్త్రి గారు.

కేసు నడిచే తీరు

ఈ కాలం విద్యార్థికి అర్థం కావాలంటే ఒక మామూలు నిషేధం కేసు ఎలా నడిచేదో చెప్పుకోవాలి. సోదా చేసేటప్పుడు ఆ చుట్టుపక్కల ఉండే గౌరవనీయులను ఇద్దరిని పిలిచి వాళ్ళ ఎదుట సోదా చేయాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు చెప్పింది. వాళ్ళనే మధ్యవర్తులు అంటారు. వాళ్ళ సంతకాలతో తయారయ్యేది మధ్యవర్తుల రిపోర్టు. కాగితం మీద చాలా చక్కని ఏర్పాటు. ఆచరణలో మాత్రం ఊరుకి ఒకళ్ళిద్దరు పాత కాపులు తేలేవారు. ఏ సోదాకైనా వాళ్ళే, ఏ కేసులోనైనా వాళ్ళే. వాళ్ళు చూసినా సాక్ష్యమే, చూడకపోయినా సాక్ష్యమే.

ఇక ఒప్పుకోలు సంగతి. పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను చెబుతూనే ఉండేది. మరి నిషేధం, ఎక్సైజు శాఖల అధికారి పోలీసు కిందకి వస్తాడా రాడా? దీని మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. 1964లో బీహారు కేసు ఒకదానిలో, దర్యాప్తు అధికారాలున్న ఎక్సైజు ఇన్‌స్పెక్టరు కూడా ఈ విషయంలో పోలీసు అధికారే అని సుప్రీంకోర్టు అన్నది. అయితే ఢిల్లీలో తీర్పు వచ్చినంత మాత్రాన మన తాలూకా కోర్టులో కూర్చున్న ముసలమ్మకి అది తెలుస్తుందా? ఆవిడకి వకీలే లేకపోతే ఎవరు చెబుతారు?

అదీ అసలు సంగతి. ఇష్టమొచ్చిన వకీలును పెట్టుకునే హక్కు 22వ అధికరణం ఇచ్చింది. పెట్టుకునే డబ్బు మాత్రం ఇవ్వలేదు. వకీలు లేని ముద్దాయికి ఉన్న దారి ఒక్కటే – నేరం ఒప్పేసుకోవడం. వాయిదాలకి తిరిగితే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, జామీనుదార్లకి ఖర్చవుతుంది. ఒప్పుకుంటే ఒక్క రోజులో తేలిపోతుంది. జుర్మానా కడితే ఇంటికి, కట్టలేకపోతే జైలుకి. మనిషి తప్పు చేశాడా లేదా అన్న విచారణ జరగకుండానే శిక్ష పడిపోతుంది. నేరం ఒప్పుకున్నవాళ్ళంతా నేరం చేసినవాళ్ళు కారు. ఇది ఏ లా పుస్తకంలోనూ ఉండదు గాని, కోర్టు గుమాస్తా దగ్గర నుంచి బంట్రోతు వరకూ అందరికీ తెలిసిందే.

రావిశాస్త్రి గారు ఈ జనం తరఫున నిలబడ్డారు. వాళ్ళు దేవుళ్ళనీ, అమాయకులనీ ఆయన ఎన్నడూ అనుకోలేదు. వాళ్ళలో మోసగాళ్ళు ఉన్నారు, రౌడీలు ఉన్నారు, అబద్ధం అలవోకగా చెప్పేవాళ్ళు ఉన్నారు. అయినా వాళ్ళ మాట పూర్తిగా విన్నారు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ నుడికారంతో సహా విన్నారు. ఆ వినడమే తరువాత సాహిత్యమయింది.

ఆరు సారా కథలు

అప్పటికే అల్పజీవి నవలతో ఆయనకు పేరు వచ్చింది. 1950ల తొలి రోజుల్లో వచ్చిన ఆ నవలలో సుబ్బయ్య అనే భయస్థుడైన గుమాస్తా మనసులోని గుబులంతా లోపలి నుంచి చెప్పారు. అధికారం ముందు గొంతు పెగలని మనిషి ఆయన మొదటి పెద్ద పాత్ర అన్నమాట.

1960ల మొదట్లో వచ్చిన ఆరు సారా కథలతో ఆ గొంతు పెగిలింది. కన్యాశుల్కం రెండో కూర్పులో, అంటే 1909లోనే, గురజాడ వారు మనకి సారా దుకాణం చూపించారు. తాగే చోట పోలీసు హెడ్డూ, బైరాగీ ఒక చోట చేరతారని నవ్వించారు. అర్ధశతాబ్దం తరువాత రావిశాస్త్రి గారు ఆ దుకాణాన్ని కోర్టు వరండా దాకా తీసుకువచ్చారు. నవ్వు అలాగే ఉంది గాని, ఆ నవ్వు గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆ కథల్లో మాయ అందరూ ఎరిగినది. కొత్తగా బోర్డు కట్టిన కుర్ర ప్లీడరు, అతనికి ముద్దాయిగా ముత్యాలమ్మ అనే సారా అమ్మే మనిషి. చదువుకున్నవాడు చదువు లేనిదానికి చట్టం చెప్పాలి కదా! అక్కడ తిరగబడిపోతుంది. పోలీసులెవరో, కోర్టులెవరివో, డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో ఆ మనిషే అతనికి పాఠం చెబుతుంది. అయిదేళ్ళు లా కాలేజీలో కూర్చున్నా రాని చదువు ఆ ఒక్క మాటలో వస్తుంది.

ఒక విషయం మాత్రం మరచిపోరాదు. ఈ కథలు సారాను వెనకేసుకు రావు. తాగుడు వల్ల కూలిపోయిన సంసారాలు ఆయన వ్రాతల్లో కావలసినన్ని ఉన్నాయి. ఆయన ప్రశ్న వేరు. నీ మంచి కోసమే అని చెప్పి ఒక మనిషిని పట్టుకుంటే, పట్టుకున్నవాడు నియమం తప్పవచ్చునా? మంచి ఉద్దేశం ఉన్న చట్టానికి సాక్ష్యం, సోదా, విచారణ ఇవన్నీ అడ్డు అనుకోవచ్చునా? ఆయన సమాధానం కథల్లో స్పష్టంగానే ఉంది. ఉద్దేశం ఎంత గొప్పదైతే నియమం అంత గట్టిగా ఉండాలి. ఎందుచేతనంటే, మంచి చేస్తున్నానని నమ్మే అధికారిని ఆపే వాడు ఎవడూ ఉండడు.

తరువాత గోవులొస్తున్నాయి జాగ్రత్త, సొమ్ములు పోనాయండి, మూడు కథల బంగారం, రత్తాలు–రాంబాబు వంటివి ఎన్నో వచ్చాయి. అన్నిటిలోనూ పేదవాడు, పోలీసు, ప్లీడరు, డబ్బు. ఆయన చేతిలో మన జిల్లాల మాట కోర్టు బోనులో నిలబడి జడ్జీ గారినే ప్రశ్నించేంత బలం తెచ్చుకుంది.

జైలు గోడ లోపల

1960ల చివర్లో మన ప్రాంతం అట్టుడికిపోయింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర జరిగిన కాల్పుల తరువాత శ్రీకాకుళ గిరిజనోద్యమం వేరే రూపు దాల్చింది. రావిశాస్త్రి గారు 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. ఆ రాజకీయాల మంచి చెడ్డలు వేరే చర్చ. మన విషయానికి కావలసింది ఒకటుంది. ఆ ఉద్యమం నుంచి అరెస్టయిన వాళ్ళు విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉండగా నడిచిన కేసు అది.

భువనమోహన్ పట్నాయక్, మరికొందరు ఖైదీలు సుప్రీంకోర్టుకి ఒక పిటిషను పెట్టుకున్నారు. జైలు చుట్టూ సాయుధ పోలీసు కాపలా పెట్టారనీ, గోడ మీద కరెంటు తీగ కట్టారనీ, ఇది తమ ప్రాణహక్కుకు భంగమనీ వాళ్ళ వాదన. 1974లో తీర్పు వచ్చింది. పిటిషను కొట్టివేశారు. ఖైదీకి తప్పించుకునే హక్కు లేదన్నారు. కాని ఆ తీర్పులోనే ఒక మాట నిలిచిపోయింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నీ జైలు గేటు దగ్గర వదిలేసి లోపలికి పోడు. స్వేచ్ఛగా తిరిగే హక్కు పోతుంది గాని, మిగిలినవి ఉంటాయి. ఓడిపోయిన కేసులో గెలిచిన సూత్రం ఇది. తరువాత 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ దారినే ఇంకా ముందుకి తీసుకువెళ్ళింది. దేశంలో ఖైదీ హక్కుల గురించి ఎవరు మాట్లాడినా మన విశాఖ జైలు నుంచి వెళ్ళిన ఆ కాగితాన్ని తలుచుకోవలసిందే.

వకీలు లేని పేదవాడి సంగతి కూడా నెమ్మదిగా కదిలింది. 1976లో రాజ్యాంగంలో 39–ఏ అధికరణం చేరింది. 1979లో బీహారు విచారణ ఖైదీల కేసులో, పేద ముద్దాయికి ఉచిత న్యాయసహాయం అన్నది న్యాయమైన పద్ధతిలో భాగమే అని సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయసేవల చట్టం 1987లో చేసి 1995లో అమలు పెట్టారు. రావిశాస్త్రి గారు 1950 నుంచీ తన చేతనైనంత మేరకు చేస్తూ వచ్చిన పనికి రాజ్యం పేరు పెట్టడానికి అంతకాలం పట్టింది. ఆ చట్టం అమలయ్యేనాటికి ఆయన లేరు.

చివరి రోజులు

ఈలోగా సారా కథ కూడా చాలా మలుపులు తిరిగింది. 1960ల చివర ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తివేసి, 1968 ఎక్సైజు చట్టం కింద సారా పాటలు మొదలుపెట్టారు. నిన్నటి వరకూ నేరమైనది ఖజానాకి రాబడి అయింది. నిన్న కుండతో పట్టుబడిన ఆడమనిషికి పడిన శిక్షను మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా పొట్లాలు ఊరూరా చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

సరిగ్గా నలభై రోజుల తరువాత, 1993 నవంబరు 10న రావిశాస్త్రి గారు కన్నుమూశారు. డెబ్బయి ఒక్క ఏళ్ళు. రెండు నెలలైనా గడవకుండా, 1994 జనవరి 1న చాసో గారు వెళ్ళిపోయారు. 1997లో కారా మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అక్కడికి వెళితే రావిశాస్త్రి గారు ఇప్పటికీ పలకరిస్తారు.

ఆయన వదిలి వెళ్ళిన ప్రశ్న

ఇప్పుడు మన ముందున్నది సారా కాదు, గంజాయి. ఏజెన్సీ కొండల్లో పండిన సరుకు మన ఊళ్ళ మీదుగా, మన రైళ్ళలో దూరదేశాలకి పోతోంది. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. సంచీ మోసిన కుర్రాడు స్టేషనులో దొరుకుతాడు. ముత్యాలమ్మ నెత్తి మీది కుండ వీడి భుజానికి సంచీగా మారింది, అంతే. ఒకప్పుడు జుర్మానాతో పోయేది, ఇప్పుడు పోదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఇరవై కిలోలకు మించి గంజాయి పట్టుబడితే పదేళ్ళకు తక్కువ కాకుండా, ఇరవై ఏళ్ళ వరకూ కఠిన శిక్ష, కనీసం లక్ష రూపాయల జుర్మానా. అంత సరుకు కేసుల్లో ముద్దాయి నిర్దోషి అని నమ్మడానికి సబబైన ఆధారం కనపడితే గాని కోర్టు బెయిలు ఇవ్వరాదు. ఛార్జిషీటుకి నూట ఎనభై రోజుల గడువు. సరుకు చేతిలో ఉందని ఋజువైతే లెక్క చెప్పుకోవలసిన భారం ముద్దాయి మీదే.

చట్టం ఇంత గట్టిది కాబట్టి పద్ధతి కూడా అంత గట్టిగా ఉండాలి. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి గాని మేజిస్ట్రేటు గాని ఎదుట సోదా చేయించుకునే హక్కు నీకుందని ముద్దాయికి చెప్పి తీరాలని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చేతిలోని సంచీ సోదాకి ఇది వర్తించదని 2005లో అన్నది. ఈ చట్టం కింద అధికారులకి ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని 2020లో తీర్పు వచ్చింది. 1964 నాటి ఎక్సైజు కేసులోని వాదనే అర్ధశతాబ్దం దాటాక మళ్ళీ రావలసి వచ్చింది. రావిశాస్త్రి గారు ఉంటే నవ్వి ఊరుకునేవారా, మరో ఆరు కథలు వ్రాసేవారా!

ఇంకొకటి, ఇదే ముఖ్యం. మత్తుకి బానిసైన వాడిని నేరస్థుడుగానే గాక రోగిగా కూడా చూడాలని ఇప్పటి చట్టం ఒప్పుకుంది. సంతోషం. కొద్దిపాటి సరుకుతో పట్టుబడి నేరం ఋజువైన వ్యసనపరుణ్ణి జైలుకి పంపే బదులు, అతని సమ్మతితో, పూచీ వ్రాయించుకుని, చికిత్సకి పంపవచ్చునని 39వ సెక్షను చెబుతుంది. ఏడాది లోపల చికిత్స ఫలితం కోర్టుకి తెలియజేయాలి. 64–ఏ సెక్షను కింద, కొద్దిపాటి సరుకు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి వెళ్ళి పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంది. సగంలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చుకుంది. చికిత్సకి తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలంది. క్రూరంగా చూడరాదంది. జైల్లో ఉన్నవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పింది. ఫిర్యాదు చేసుకునేందుకు రివ్యూ బోర్డు పెట్టమంది.

కాగితం మీద ఇదంతా చక్కగానే ఉంది, నాటి మధ్యవర్తుల ఏర్పాటులాగే. కాని నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. జైలు వార్డులో సమ్మతి అంటే ఏమిటి? సంతకం పెట్టకపోతే ఏమవుతుందో అన్న భయంతో పెట్టిన సంతకం సమ్మతి అవుతుందా? ఇచ్చే మందు ఏమిటో, ఎన్నాళ్ళో ఆ మనిషికి తన మాటలో, కొండ మనిషి అయితే కువిలోనో సవర భాషలోనో చెప్పేవారున్నారా? చికిత్స మానేశాడు అని ఎవరో కాగితం మీద వ్రాస్తే, మానేశాడా, మాన్పించారా, వార్డు దొరకక ఆగిపోయాడా అని అడిగేవారెవరు? ఆ కాగితం మీద ఆధారపడి శిక్ష మళ్ళీ తలకెత్తే ముందు అతని మాట వింటారా? అతని పక్కన వకీలు ఉంటాడా?

చికిత్స అన్న మాట వినగానే, మంచి పనే కదా, దీనికి వకీలు ఎందుకు అని మనలో చాలామందికి అనిపిస్తుంది. నిషేధం వచ్చిన రోజుల్లోనూ పెద్దలకి అలాగే అనిపించింది. శిక్షకి ఒక తేదీ ఉంటుంది, ఆ రోజు గేటు తెరుస్తారు. మంచి చేయడానికి తేదీ ఉండదు. నువ్వింకా బాగుపడలేదు అని ఒకరు అంటే చాలు, గడువు పెరుగుతుంది. అందుకే చికిత్స పేరుతో లోపల ఉన్న మనిషికి నియమం ఇంకా ఎక్కువ అవసరం. కారణం చెప్పాలి, కాగితం చూపించాలి, అతని మాట వినాలి, పైన మరొకరు పరిశీలించాలి. ఈ నాలుగూ దయాధర్మాలు కావు, హక్కులు.

మన కళాశాలలో చదివే మిత్రుల్లో కొందరు రేపు ప్లీడర్లు అవుతారు, కొందరు డాక్టర్లు, కొందరు ఎక్సైజు ఇన్‌స్పెక్టర్లు, పోలీసు అధికారులు, కొందరు జైలు ఉద్యోగులు కూడా కావచ్చు. ఎవరి బల్ల ముందో ఒకరోజు మన ఊరి కుర్రాడే చేతులు కట్టుకుని నిలబడతాడు. వాడు అబద్ధం కూడా చెప్పవచ్చు. అయినా వినాలి. తేల్చడం తరువాత సంగతి. నలభై ఏళ్ళకి పైగా రావిశాస్త్రి గారు ఆ చెట్ల కింద నిలబడి చేసింది ఆ ఒక్క పనే. ఆయనకి మనం విగ్రహం కట్టకపోయినా ఫరవాలేదు. ఆ పని మానకుండా ఉంటే చాలు.